7.4 చూడుము

సంతకాలు పెట్టినవాళ్ళెవరూ చదవని ఒక కాగితం జ్ఞానరాజు భార్య ఏసుమణిని చంపింది. ఇందులో వాదనకు చోటు లేదు.

ఆమె ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సు. అక్కడ బొగ్గు మిల్లులో మంట లేస్తే ఆర్పడానికి లోపలికి ఊపిరాడనివ్వని గ్యాసు వదులుతారు. ఆ రోజు వదిలారు. లోపల ఒక కూలీ పడిపోయాడని తెలిసి ఏసుమణి పరుగెత్తింది. తలుపు పక్కన గోడకు సూచనల పుస్తకం వేలాడుతోంది. 'లోనికి పోవుటకు ముందు 9.2 చూడుము' అని అందులో ఉంది. ఆమె చూసింది. ఆ పుస్తకాన్ని చదివిన ఒకే ఒక్క మనిషి ఆమె. 9.2లో క్యాంటీన్ వేళలు ఉన్నాయి. గ్యాసు పోయేదాకా ఎవరూ లోపలికి పోరాదన్న మాట 9.3లో ఉంది. ఆఫీసులో కూర్చున్న ఎవడో మధ్యలో ఒక హెడ్డింగ్ చేర్చాడు. కిందివన్నీ ఒక్కో అంకె జరిగాయి. 'చూడుము' ముందు చేత్తో కొట్టిన అంకె మాత్రం జరగలేదు. ఏసుమణి లోపలికి పోయింది, తిరిగి రాలేదు.

విచారణ సంఘం దాన్ని దురదృష్టకర సంఘటన అంది. ఆ రిపోర్టు కింద కూడా సంతకాలు ఉన్నాయి.

జ్ఞానరాజు అప్పటికే గూఢచారి. కోయిలకుంట్ల పక్క పల్లెలో మిషన్ బడిలో తెలుగులో చదువుకున్నవాడు. భార్యను పాతిపెట్టి వచ్చాక కూర్చుని కంప్యూటర్‌లో వర్డ్ నేర్చుకున్నాడు. హెడ్డింగులు, క్రాస్ రిఫరెన్సులు, ఫుటర్లు, అన్నీ. శత్రువు భాష నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడు. నేర్చుకున్నకొద్దీ ఆఫీసర్ల మీద మిగిలిన కాస్త గౌరవమూ పోయింది.

అందుకే ఈ మిషన్‌కు డిపార్ట్‌మెంట్ అతన్ని పిలిచింది. వేరే గతిలేక.

*

బ్రీఫింగ్ ఎర్రగుంట్ల జంక్షన్ వెయిటింగ్ రూములో. డిప్యూటీ డైరెక్టర్ వీరభద్ర బెంచీ మీద కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

"ఈ బండి నంద్యాల పోతుందా?" అన్నాడు పేపరు వెనక నుంచి.

అది కోడ్. బోగీ మారాలి అని జవాబు చెప్పాలి. ఇద్దరూ సగం ఉద్యోగం ఒకే గదిలో చేశారు. వీరభద్ర కూతురి పెళ్ళిలో జ్ఞానరాజు వడ్డన కూడా చేశాడు.

"సార్, నేనే."

"కోడ్ చెప్పు."

"బోగీ మారాలి."

వీరభద్ర పేపరు మడిచాడు. గొంతు తగ్గించాడు. గదిలో వాళ్ళిద్దరూ, బస్తా మీద నిద్రపోతున్న ఒక ముసలాయనా తప్ప ఎవరూ లేరు.

"కోయిలకుంట్ల అవతల కొత్త ప్లాంటు తెలుసుగా? రాకెట్లకు ఘన ఇంధనం. రేపు మధ్యాహ్నం పన్నెండుకు మొదటి మిక్సింగ్ ట్రయల్. ఢిల్లీ నుంచి డెలిగేషన్ వస్తోంది. ప్లాంటును లేపెయ్యడానికి ఒక ముఠా దిగింది. విదేశీ ముఠా. కోడ్ నేమ్ ఇండెక్స్. వాళ్ళ మెసేజ్ ఒకటి దొరికింది."

ఫోను చూపించాడు. ఒకటే వాక్యం. 'షెడ్డు మూడు. వాళ్ళ పుస్తకమే వాళ్ళను చంపుతుంది.'

జ్ఞానరాజు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఏ పుస్తకం?"

"ప్రమాద సూచనల మాన్యువల్. తెలుగులో వేయించాం, కార్మికులకు అర్థం కావాలని. షెడ్డు మూడులో అల్యూమినియం పొడి ఉంటుంది. దానికి మంట అంటుకుంటే ఇసుక పొయ్యాలి. నీళ్ళు పోస్తే షెడ్డూ ఉండదు, లోపలి మనుషులూ ఉండరు. మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. షెడ్డు మూడులో మంట వస్తే 7.4 చూడుము. 7.4 అంటే ఇసుక. మూడు కమిటీలు చూశాయి. నేనూ చూశాను."

"కాగితం మీదనా, స్క్రీన్ మీదనా?"

"ఏదైతే ఏం? అక్షరాలే కదా."

ఈ ప్రశ్నకు బదులు చెప్పడం జ్ఞానరాజు మానేసి చాలా కాలమైంది.

వీరభద్ర సంచీలోంచి గాడ్జెట్లు తీశాడు. కెమెరా ఉన్న కళ్ళద్దాలు. మెడలో వేసుకోవడానికి శిలువ ఆకారంలో పెన్‌డ్రైవ్. క్రైస్తవుడు కదా అని ప్రత్యేకంగా చేయించారట. జ్ఞానరాజు ఊరి చర్చిలో మెడలో శిలువ వేసుకున్న మగవాడు ఒక్కడూ లేడు. అది వేసుకుని ఊళ్ళోకి పోతే మొదట నవ్వేది పాస్టరే. దాన్ని ప్యాంటు జేబులో పడేశాడు.

"మారువేషం?"

"ప్రింటర్ రిపేరు. టోనర్ కంపెనీ మనిషివి. సర్వీస్ రిపోర్టు పుస్తకం, సీలు, అన్నీ ఉన్నాయి. ముందు మహానందిలో మన డబుల్ ఏజెంట్‌ను కలువు. శివజ్యోతి. ముఠాలో మన మనిషి. ప్లాంటులో డాక్యుమెంటేషన్ కన్సల్టెంట్‌గా ఉంది. చాలా తెలివైన అమ్మాయి."

వీరభద్ర ఎవరినైనా తెలివైనవాళ్ళంటే జ్ఞానరాజు వాళ్ళ మీద ఒక కన్నేసి ఉంచేవాడు.

*

మహానంది కోనేటి మెట్ల మీద ఆమె కూర్చుని ఉంది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు, పెదాలకు ముదురు రంగు. రహస్యంగా కలవాల్సిన మనిషిని స్నానానికి వచ్చిన ఊళ్ళన్నీ తిరిగి చూస్తున్నాయి.

"ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అంది. కోడ్.

"పొలాలకు."

"ఓహో. మిమ్మల్ని పంపారా? అంటే డిపార్ట్‌మెంట్‌లో మనుషులు అయిపోయారన్నమాట."

"అయిపోయి శానా కాలమైంది. నీకు జీతం ఇస్తాండారంటేనే తెలీడంల్యా?"

ఆమె నవ్వింది. కోపం రాలేదు. అది జ్ఞానరాజుకు నచ్చలేదు. అమాయకులకు కోపం వస్తుంది.

"సరే వినండి. వాళ్ళ మనిషి మాన్యువల్ ఫైలులో చెయ్యి పెట్టాడు. మూడో అధ్యాయం. హెడ్డింగులు మార్చాడని విన్నాను. అంతకు మించి నాకు చెప్పలేదు."

"మంట ఎవురు పెడతారు?"

"అదీ చెప్పలేదు."

"ఏం చెప్పినారో అదన్నా చెప్పు."

"మూడో అధ్యాయం అన్నానుగా."

కళ్ళద్దాల కెమెరా ఆమె ఫొటో తీయాలి. చెవి దగ్గర బొత్తాం నొక్కాడు. ఎండకు కాగి కాగి కళ్ళద్దాలు ఒక్కసారి కీచుమని ఆరిపోయాయి. చెవి చురుక్కుమంది. ఢిల్లీలో ఏసీ గదిలో పరీక్ష చేసి పంపిన వస్తువు మహానంది ఎండకు ఒక పూట ఆగలేదు. తీసి జేబులో పెట్టుకున్నాడు.

లేవబోతూ ఆగాడు.

"ఇంకో మాట. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ. బొగ్గు మిల్లు. పుస్తకంలో అంకె మారింది. అది గూడా మీ ముఠా పనేనా?"

శివజ్యోతి అతని వైపు చూసింది. నల్ల అద్దాల్లో అతనికి తన ముఖమే రెండుగా కనిపించింది.

"పని అయ్యాక చెప్తాను" అంది.

కోయిలకుంట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని జ్ఞానరాజు ఒకటే అనుకున్నాడు. వాళ్ళే అయి ఉండాలి. ఎవడో పరాయి దేశంవాడు, పగబట్టి, ఆలోచించి చంపాడంటే దానికి ఒక అర్థం ఉంటుంది. పట్టుకోవడానికి ఒక మెడ ఉంటుంది.

*

సోమన్న డి.టి.పి. సెంటరు కోయిలకుంట్ల మార్కెట్ సందులో ఉంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు, విత్తనాల అంగళ్ళ క్యాటలాగులు, చర్చి ఉజ్జీవ సభల పాటల పుస్తకాలు, ఇప్పుడు రాకెట్ ఇంధనం మాన్యువల్. ప్లాంటువాళ్ళు ఇంత ముఖ్యమైన పుస్తకాన్ని ఈ సందుకు పంపడానికి కారణం, జిల్లాలో తెలుగు టైపింగ్ తెలిసిన ఆఫీసరు ఒక్కడూ లేకపోవడం.

మర్నాడు పొద్దున జ్ఞానరాజు టోనర్ డబ్బాతో లోపలికి వెళ్ళాడు.

"ఎవురప్పా నువ్వు?"

"టోనర్ కంపెనీ. సర్వీసుకు వచ్చినా."

"నేను పిల్చలేదే?"

"పిల్చకుండా వస్తే పొమ్మంటావా?"

"దుడ్లు అడగకుంటే రా, కూర్చో" అన్నాడు సోమన్న, కుర్చీ మీది పిల్లిని తోసి.

ప్రింటరు విప్పినట్టు నటిస్తూ జ్ఞానరాజు మాట కలిపాడు. రాకెట్ ఫ్యాక్టరీ బుక్కు నువ్వే కొట్టినావంట కదా అన్నాడు. సోమన్న ఉప్పొంగిపోయాడు. స్క్రీన్ మీద ఫైలు తెరిచి చూపించాడు.

జ్ఞానరాజు మూడో అధ్యాయానికి వెళ్ళాడు. చూసి కళ్ళు మూసుకున్నాడు.

కంప్యూటర్ గుర్తుపట్టే హెడ్డింగ్ అన్నది ఒక్కటి లేదు. అక్షరాలను లావు చేసి, స్పేస్ బార్ కొట్టి కొట్టి మధ్యకు తోశాడు. కొత్త పేజీ కావాల్సినచోట ఎంటర్ కొట్టుకుంటూ పోయాడు. అంకెలన్నీ చేత్తో వేశాడు. ఏ హెడ్డింగ్ దేనికి చెందిందో కంప్యూటర్‌కు తెలియదు, సోమన్నకూ తెలియదు. పేజీ అడుగున ఫుటర్‌లో, వెలిసిపోయిన అక్షరాలతో, 'మారెన్న విత్తనముల అంగడి. కొర్ర, సజ్జ, ఆముదం. మొలకకు పూచీ మాది' అని ఉంది.

"ఇదేంది సోమన్నా?"

"యాది?"

"కింద. విత్తనాలు."

సోమన్న ముందుకు వంగి చూశాడు. "ఓ, అదా! అది పాత జాబుది. కొత్త ఫైలు తెరిస్తే మార్జిన్లు, ఫాంట్లు మళ్ళా పెట్టుకోవల్ల. ఎవురు చేస్తారప్పా? పాత ఫైలు తెరిచేది, లోపలిది తుడిచేది, కొత్తది కొట్టేది. ఈ పక్కంతా అంతే చేస్తారు. కిందది తుడిచేది మర్చిపోయినా."

"ఆఫీసర్లు చూసినారంట?"

"మూడు తూర్లు చూసినారు. శానా బాగుండాది అన్నారు."

వర్డ్‌లో పని చేస్తున్నప్పుడు ఫుటర్ మసకగా కనిపిస్తుంది. మసకగా ఉన్నదాన్ని చదవాలన్న ఆలోచన మూడు కమిటీల్లో ఒక్కడికీ రాలేదు. రాకెట్ ఇంధనం పుస్తకంలో ప్రతి పేజీ అడుగునా మారెన్న మొలకకు పూచీ ఇస్తున్నాడు.

జ్ఞానరాజు మూడో అధ్యాయం వదిలేశాడు. ఈ గందరగోళంలో పరాయివాడు వేలు పెడితే ఆ వేలి గుర్తు శుభ్రంగా కనిపిస్తుంది. మురికి గోడ మీద ఒకచోట తుడిచినట్టు. ఫుటర్లు మాత్రమే చూస్తూ పేజీలు తిప్పాడు. మారెన్న. మారెన్న. మారెన్న. నాలుగు, ఐదు, ఆరు అధ్యాయాలు, అంతా మారెన్న.

ఏడో అధ్యాయం దగ్గర అతని చెయ్యి ఆగింది.

'అధ్యాయం 7: అగ్నిప్రమాదాలు', ఎడమ పక్క. పేజీ నంబరు, కుడి పక్క. మధ్యలో సన్నని గీత. విత్తనాలు లేవు. ఎనిమిదో అధ్యాయం మొదలవగానే మళ్ళీ మారెన్న.

ఫుటర్ అనేది ముందు భాగంలో ఉన్నదాన్నే కిందికి లాక్కుపోతుంది. వేరేది కావాలంటే లింకు తెంపాలి. ఇక్కడ ఏడు ముందు ఒకసారి తెంపారు, ఏడు వెనక ఒకసారి తెంపారు. సోమన్నకు అలాంటి లింకు ఉందని కూడా తెలియదు. హెడ్డింగులు చూశాడు. నిజమైన హెడ్డింగులు. వాటంతట అవే అంకెలు వేసుకునేవి. 7.4 ఇసుకతో ఆర్పుట. 7.5 నీటితో ఆర్పుట, అది మిగతా షెడ్లకు. ఆ పైన, ఒక గడిలో, 'షెడ్డు 3లో మంట వచ్చిన యెడల 7.4 చూడుము.'

ఇసుక. సరిగ్గానే ఉంది.

'7.4' మీద మౌసు పెట్టి నొక్కాడు. అంకె వెనక బూడిదరంగు పరుచుకుంది.

అది చేత్తో కొట్టిన అంకె కాదు. క్రాస్ రిఫరెన్స్. ఏ హెడ్డింగ్‌కు కట్టేశారో దాని నంబరు తెచ్చుకుంటుంది. కానీ మళ్ళీ తెచ్చుకోమని చెప్పేదాకా పాత నంబరే చూపిస్తూ కూర్చుంటుంది. సెట్టింగుల్లోకి వెళ్ళాడు. ప్రింటుకు ముందు రిఫరెన్సులు అప్‌డేట్ చెయ్యి అన్నచోట టిక్కు ఉంది.

ఆ ఒక్క పేజీ ప్రింటు కొట్టాడు. కాగితం బయటికి వచ్చింది.

'షెడ్డు 3లో మంట వచ్చిన యెడల 7.5 చూడుము.'

నీళ్ళు.

రిఫరెన్సును కట్టింది నీళ్ళ హెడ్డింగ్‌కు. స్క్రీన్ మీద ఇసుక, కాగితం మీద నీళ్ళు. స్క్రీన్ చూసేవాళ్ళు ఆఫీసర్లు. కాగితం చూసేవాళ్ళు షెడ్డులో చచ్చేవాళ్ళు.

"సోమన్నా, ఈ ఏడో అధ్యాయం ఎవురు కొట్టినారు?"

"మేడమొచ్చి ఫార్మాటింగ్ చేస్తానని కూర్చునింది. నల్లద్దాల మేడం. ఆయమ్మ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునింది. ఏమైంది?"

"బుక్కులు యాడుండాయి?"

"పొద్దున్నే వ్యాను తీస్కపోయె. షెడ్డుకు ఒకటి వేలాడగడతారంట."

*

జ్ఞానరాజు వీరభద్రకు ఫోన్ చేశాడు. వీరభద్ర కర్నూలు గెస్ట్‌హౌస్‌లో ఉన్నాడు.

"సార్, శివజ్యోతి ముఠా మనిషే. మాన్యువల్ మార్చింది ఆమే. షెడ్డు మూడు పుస్తకం తీసేయించండి, ట్రయల్ ఆపించండి."

"ఉండు. ఫైలు నా ముందే ఉంది." కీబోర్డు చప్పుడు. "7.4 అనే ఉందయ్యా. ఇసుక. కరెక్టే."

"స్క్రీన్ మీద అట్లే ఉంటాది సార్. ప్రింటు కొట్టి చూడండి."

"ప్రింటరుంది. టోనర్ లేదు."

"ప్లాంటుకు ఫోన్ చేయండి సార్!"

"ఢిల్లీవాళ్ళు వచ్చాక ట్రయల్ ఆపమంటే ఏమనుకుంటారు? ముందు నువ్వొక నోట్ పంపు. పైకి పంపిస్తాను."

జ్ఞానరాజు ఫోన్ పెట్టేశాడు. సోమన్న మోపెడ్ తాళంచెవి గోడ మేకుకు ఉంది. తీసుకున్నాడు.

"ఏమప్పా, బండి యాడికి?"

"నువ్వు మొలకకు పూచీ ఇచ్చినావు కదా. చూసొస్తా."

నల్లరేగడి పొలాల మధ్య మోపెడ్ ఎంత అరిచినా అంతకు మించి పోలేదు. పక్కన నాపరాళ్ళ లారీలు దుమ్ము కొట్టి దాటిపోతున్నాయి. ప్లాంటు గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సెక్యూరిటీ అడ్డం వచ్చాడు. గూఢచారి కార్డు చూపిస్తే వీడు పైవాడికి, పైవాడు ఆ పైవాడికి ఫోన్ చేస్తాడు. ఈలోగా పన్నెండు అవుతుంది.

"టోనర్" అన్నాడు జ్ఞానరాజు.

"వచ్చిందా! పో పో, రెండు నెలలైంది." గేటు బార్లా తెరుచుకుంది.

దేశ రహస్యాలన్నీ దాచిన ప్లాంటులోకి టోనర్ డబ్బా పట్టుకున్నవాడు ఎవడైనా పోవచ్చు. ముఠా ఇంత కష్టపడాల్సిన పని లేదు.

*

షెడ్డు మూడు తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి కేకలు. పొడి డ్రమ్ముల వరస చివర, గోడ వారగా, తెల్లటి మంట లేచింది. కళ్ళు చూడలేనంత తెలుపు. ఇంకా చిన్నదే. దాని పక్కన డ్రమ్ములు మూతలు బిగించి ఉన్నాయి. ఎంతసేపో ఉండవు. మూలన ఉన్న కార్మికులు బయటికి రావాలంటే మంట పక్క నుంచే రావాలి.

సూపర్‌వైజర్ దేవేంద్రప్ప గొలుసుతో వేలాడుతున్న మాన్యువల్ తెరిచి పట్టుకుని వేలితో వెతుకుతున్నాడు. వెనక ఇద్దరు నీళ్ళ పైపు లాగి సిద్ధంగా ఉన్నారు. ఒకడి చెయ్యి వాల్వు మీద ఉంది.

"ఏడు పాయింట్ ఐదు" అన్నాడు దేవేంద్రప్ప. "నీళ్ళు. తిప్పప్పా!"

"ఆపు!" జ్ఞానరాజు అడ్డం దూకాడు. "నీళ్ళు గాదు, ఇసుక! బక్కెట్లు తీయండి!"

"ఎవుడ్రా నువ్వు?"

"టోనర్."

"టోనరోనివి నీకేం తెలుసు? పో అవతలికి!"

"పొడి మంటకు నీళ్ళు పోస్తే పేల్తాది. నీకు తెలీదా?"

దేవేంద్రప్ప ముఖంలో చెమట కారుతోంది. "తెలుసు. నాకూ ఇసుకే అనిపిస్తాండాది. కానీ ఈడ నీళ్ళని రాసినారు. పోయిన నెల బుక్కులో లేని పని చేసినానని మెమో ఇచ్చిరి. మళ్ళా చేస్తే ఉద్యోగం ఊడ్తాది."

"పానం పోతాది!"

"రాసిండేదే చేయల్ల గదప్పా!"

మూల నుంచి ఒక ఆడమనిషి గొంతు చీల్చుకుని వచ్చింది. పొడి తూకం వేసే నాగక్క. "ఒరే దేవేంద్రా! నీ బుక్కు పాడుగాను! ఏందో ఒకటి చేయండ్రా, కాలిపోతాండాము!"

వాల్వు మీది చెయ్యి కదిలింది. పైపులో గుర్రుమని గాలి కదిలింది.

ఈ మనిషికి నిజం తెలుసు. నిజం సరిపోలేదు. జ్ఞానరాజుకు ఆ క్షణంలో ఇంకేం చేయాలో స్పష్టంగా తెలిసింది. చంకలోని సర్వీస్ రిపోర్టు పుస్తకంలోంచి ఒక కాగితం పర్రున చించాడు. పైన పెద్ద లోగో. కింద గుండ్రటి సీలు, దాని మీద ఆకుపచ్చ ఇంకు సంతకం. దేవేంద్రప్ప ముక్కు ముందు ఆడించాడు.

"సవరణ ఉత్తర్వు! కర్నూలు నుంచి! 7.5 రద్దు, ఇసుక అమలు! చూడు, సీలు!"

దేవేంద్రప్ప లోగో చూశాడు. సీలు చూశాడు. ముఖంలో భయం పోయి ప్రశాంతత వచ్చింది.

"ముందే చూపియ్యల్ల గదప్పా!" అని వెనక్కి తిరిగాడు. "వాల్వు కట్టు! ఇసుక! ఇసుక తేండ్రా!"

పైపు మూతి నుంచి ఒక్క చుక్క జారి సిమెంటు నేల మీద పడింది. అంతే. బక్కెట్ల ఇసుక మంట మీద కుమ్మరించారు. జ్ఞానరాజూ కుమ్మరించాడు. తెల్లటి వెలుగు పసుపై, ఎరుపై, ఇసుక కింద అణిగిపోయింది. నాగక్క దగ్గుకుంటూ బయటికి వచ్చి, పోతూ పోతూ దేవేంద్రప్ప వీపు మీద ఒకటి చరిచింది.

ఆ కాగితం మీద లోగోకూ సీలుకూ మధ్య 'డ్రమ్ము శుభ్రం చేయడమైనది. కాగితం ఇరుక్కొనుట సరిచేయడమైనది' అని ఉంది. దేవేంద్రప్ప దాన్ని భద్రంగా మాన్యువల్‌లో పెట్టుకున్నాడు.

మంట లేచినచోట ఇసుక కదిపితే ఒక లోహపు గొట్టం దొరికింది. లిప్‌స్టిక్. లోపల టైమర్.

*

శివజ్యోతి డెలిగేషన్ కార్ల దగ్గర ఉంది. ఒక కారులో ఎక్కబోతోంది. జ్ఞానరాజు తలుపు మూసి దానికి ఆనుకున్నాడు. లిప్‌స్టిక్ గొట్టం చూపించాడు.

"నీదే. రంగు బాగుండాది."

ఆమె చుట్టూ చూసింది. పరుగెత్తడానికి ఎత్తు మడమల చెప్పులు, నాపరాళ్ళ నేల. నిట్టూర్చింది.

"మూడో అధ్యాయం చూశారా?"

"చూసినా. చూడలేక వదిలేసినా."

"మరి ఎలా దొరికాను?"

"ఫుటర్. ఆ బుక్కు మొత్తంలో ఒక్క అధ్యాయం సరిగ్గా ఉండాది. ఈ పక్క అట్ల ఎవురూ చేయరు."

మొదటిసారి ఆమె నిజంగా నవ్వింది. "ఆ విత్తనాల అంగడిని నా పేజీల కింద ఉంచడానికి చెయ్యి రాలేదు. శిక్షణ అలాంటిది. సోమన్న లాగా వదిలేసి ఉంటే..."

"షెడ్డు లేచిపోయేది."

"అవును."

సెక్యూరిటీవాళ్ళు ఇప్పుడు పరుగెత్తుకొస్తున్నారు, అంతా అయిపోయాక. జ్ఞానరాజు వాళ్ళను చేత్తో ఆపాడు. ఈ ప్రశ్న వాళ్ళ ముందు అడగదలుచుకోలేదు.

"పని అయ్యాక చెప్తానంటివి. అయింది. ఎర్రగుంట్ల మీరేనా?"

ఆమె నల్లద్దాలు తీసింది. కళ్ళ కింద నిద్రలేని మనిషి నీడలు ఉన్నాయి. అబద్ధం చెప్పి బేరం పెట్టుకోవచ్చు. ఏదో పేరు చెప్తే జ్ఞానరాజు ఆ పేరు వెంట ప్రపంచమంతా తిరుగుతాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

"కాదు" అంది. "ఆ ఫ్యాక్టరీ పేరు కూడా అప్పుడు మాకు తెలీదు. తర్వాత విచారణ రిపోర్టు చేతికి వచ్చింది. చదివాం. ఒక్క అంకె జరిగితే మనిషి చస్తాడని, దానికి ఎవరూ శిక్ష కూడా వేయరని దాన్ని చూశాకే తెలిసింది. మావాళ్ళు నెలల తరబడి కూర్చుని నేర్చుకుంటే గానీ రాలేదండీ. మీవాళ్ళు ఊరికే చేసేశారు."

జ్ఞానరాజు కారు తలుపు వదిలి పక్కకు జరిగాడు. సెక్యూరిటీవాళ్ళకు దారి ఇచ్చాడు.

"ఆ రిపోర్టు మీరు మొత్తం చదివినారా?"

"అందరం చదివాం."

"మీరన్నా చదివినారు" అన్నాడు జ్ఞానరాజు.

*

సాయంత్రానికి వీరభద్ర దిగాడు. డెలిగేషన్‌తో ఫొటో దిగాడు, ఆరిపోయిన షెడ్డు ముందు, ఇసుక బక్కెట్ పట్టుకుని. తర్వాత జ్ఞానరాజును పక్కకు పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"గొప్ప పని చేశావు. రిపోర్టులో ఒక మంచి మాట రాయబోతున్నాను. ఎర్రగుంట్ల సంఘటన కూడా ఇండెక్స్ ముఠా ఖాతాలోనే వేద్దాం. ఒకటే పద్ధతి కదా, ఎవరూ అడగరు. మీ ఆవిడ విదేశీ కుట్రకు బలైందని అవుతుంది. అమరురాలు. పతకం వస్తుంది. ఫ్యాక్టరీవాళ్ళకూ, విచారణ సంఘానికీ కూడా ఊరటగా ఉంటుంది."

జ్ఞానరాజు ఆ చేతిని భుజం మీది నుంచి తీశాడు. మర్యాదగానే తీశాడు.

"వద్దు సార్."

"ఎందుకు? నీ మనసుకు కూడా..."

"ఆమెను చంపింది మనోళ్ళు. సోమరితనంతో చంపినారు. ఆ పేరు పరాయోళ్ళకు నేనియ్యను. వాళ్ళు కష్టపడి పనిచేసేటోళ్ళు సార్, వాళ్ళకు అవమానం."

వీరభద్ర నోరు తెరిచాడు.

"ఇదే ఆఖరు" అన్నాడు జ్ఞానరాజు. "ఎర్రగుంట్ల సంగతి ఇంక నేను ఎవురితోనూ మాట్లాడను. ఎవురన్నా ఎత్తితే వినను."